పానకం కోసం ఆపిన మందు

నీళ్ళు ఒక గుక్క తాగి "బాగున్నాయి" అని తీర్పు చెప్పేవాళ్ళను నమ్మకండి. నీళ్ళు పరీక్షించే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే. నాలుకకు రుచి తెలుస్తుంది కానీ రోగం తెలియదు. మా కాలనీలో అందరూ మెచ్చుకున్న నీళ్ళే అన్నిటికంటే చెడ్డ నీళ్ళు. ఆ కథ చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు, శాలువాలు వదిలేస్తాను. నాకు వచ్చిన శాలువాలు కూడా పలచనివే.

రాయపూర్ శివార్లలో, భన్‌పురి దాటాక, ఒక ఇనుప కర్మాగారంలో నేను కెమిస్టుగా పనిచేశాను. దాని పేరు మీకు అక్కర్లేదు. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద పార్వతీపురం వైపు నుంచి ఇక్కడికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టి, హిందీ మీడియంలో చదివి, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇందులో తప్పులు కనిపిస్తే నన్ను తిట్టండి, ఆవిడను మాత్రం ఏమీ అనకండి.

బాయిలరుకు రోజూ, మనుషులకు వారానికోసారి

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది బాయిలరు నీళ్ళు చూడడానికి. బాయిలరులోకి వెళ్ళే నీళ్ళను ప్రతి షిఫ్టులోనూ పరీక్షించేవాళ్ళం. కాస్త ఉప్పు పెరిగినా ఫోన్లు, పరుగులు. కార్మికుల కాలనీలో కుళాయి నీళ్ళను చూడడం వారానికోసారి, అదీ నాకు తీరిక ఉంటే. బాయిలరు పాడైతే నష్టం కంపెనీది, మనిషి పాడైతే నష్టం ఆ మనిషిదే. ఈ తేడా ఎవరూ పైకి చెప్పరు. మీరు చేరిన మొదటి వారంలోనే మీకు అర్థమైపోతుంది.

మా పై అధికారి వర్మ సాహెబ్. కాలనీ నిర్వహణ ఆయన చేతిలో ఉండేది. చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో పెళ్ళైనా వచ్చి, భోజనం చేసి, పిల్లల చేతిలో డబ్బులు పెట్టి వెళ్ళేవారు. వినదలచుకోని మాట మాత్రం ఆయన చెవికి ఎక్కేది కాదు. నీళ్ళ నమూనా ట్యాంకు దగ్గరే తీసుకోమనేవారు. క్లోరిన్ మందు కలిపేది అక్కడే కాబట్టి అక్కడి నీళ్ళు ఎప్పుడూ పాసవుతాయి. నేను సీసా పట్టుకుని లైను చివరిదాకా నడిచి వెళ్ళేదాన్ని. చివరి ఇంటి కుళాయిలో క్లోరిన్ ఉంటే మధ్యలో అందరికీ ఉన్నట్టే. "మేడమ్‌కి వాకింగ్ ఇష్టం" అని ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీండి, మీరూ నడవండి.

సింహాచలం గారు

ఆ చివరి క్వార్టరు సింహాచలం గారిది. ఆయన ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. విజయనగరం జిల్లా మనిషి, నాకంటే పెద్దవారు. నేను బాబాయ్ అనేదాన్ని. నేను కుళాయి కింద సీసా పట్టి, అందులో చుక్కల మందు వేసి, నీళ్ళు పసుపుపచ్చగా మారేదాకా నిలబడితే ఆయనా పక్కన నిలబడేవారు.

"ఏటమ్మా, పాసా ఫెయిలా?"

"పాసే బాబాయ్."

"మరి ఆ కంపేటి తల్లీ? అన్నం వొండితే అన్నం నిండా దవాయి వోసనే."

"ఆ కంపే మిమ్మల్ని కాపాడుతోంది."

"బాగుంది. నన్ను కాపాడ్డానికి నా పానకాన్ని సంపేస్తన్నావు."

పానకం ఆయన ప్రాణం. కాలనీ గుడిలో శ్రీరామనవమి అంటే సింహాచలం గారి పానకమే. పెద్ద పెద్ద అల్యూమినియం గుండిగల్లో బెల్లం కరిగించి, మిరియాలు, శొంఠి, యాలకులు దంచి, చిటికెడు పచ్చకర్పూరం వేసి ఆయనే కలిపేవారు. గరిటె ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. మన తెలుగువాళ్ళే కాదు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు, ఒడియావాళ్ళు, బీహారువాళ్ళు కూడా ఎండలో లైను కట్టేవాళ్ళు. ఊరుగాని ఊళ్ళో, మన భాష రాని జనం మన పండగ గుర్తుపెట్టుకుని గ్లాసు చాచడం ఆయనకు ఎంత గర్వమో నేను చూశాను. నాకూ గర్వంగానే ఉండేది.

ఒక ఏడాది పానకంలో మందు వాసన గుప్పుమంది. తాగినవాళ్ళు మొహాలు చిట్లించారు. ఎవరో కుర్రాళ్ళు "చాచా, ఫినాయిల్ శర్బత్ పిలా దియా" అని, ఫినాయిల్ తాగించావంటూ ఎగతాళి చేశారు. ఆయన నవ్వి ఊరుకున్నారు కానీ ఏడాదంతా ఆ మాట మరిచిపోలేదు.

మరుసటి నవమికి ఆయన కూతురు గౌరి పురిటికి వచ్చింది. దాన్ని విజయనగరంలోనే ఇచ్చారు. అత్తవారు మంచివాళ్ళు, ఎండల్లో అంత ప్రయాణం వద్దు, ఇక్కడే పోస్తాం పురుడు అన్నారట. ఈయన ఒప్పుకోలేదు. మొదటి పురుడు పుట్టింట్లోనే జరగాలని స్వయంగా వెళ్ళి రైల్లో తీసుకొచ్చుకున్నారు. గౌరి చిన్నప్పుడు నా సీసాలు లాక్కుని ఆడుకునేది. అది పొట్ట పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే చూసి దిష్టి తగులుతుందని నేనే లోపలికి వెళ్ళమన్నాను.

ఆపిన మందు

పండగ రోజుల్లో నేను కాలనీలో లేను. సిల్తారాలో కంపెనీ కొత్త యూనిట్ పెట్టింది. అక్కడ బాయిలరు మొదలుపెట్టాలని నన్ను పంపారు. కాలనీ కుళాయిలు చూడడానికి నా బదులు ఎవరినైనా వేయమని అడిగాను. వర్మ సాహెబ్ అలాగే అన్నారు. వేయలేదు.

తిరిగి వచ్చిన రోజు అలవాటు ప్రకారం చివరి ఇంటికి వెళ్ళి సీసా నింపి చుక్కలు వేశాను. రంగు రాలేదు. సీసా కడిగి మళ్ళీ వేశాను. రాలేదు. పక్కింట్లో, ఆ ముందింట్లో, వెనక్కి నడుస్తూ ట్యాంకుదాకా చూశాను. ఎక్కడా క్లోరిన్ ఛాయ లేదు. పంపుహౌసులో దుఖూరామ్ ఉండేవాడు, మందు కలిపే మనిషి. అతను ఏమీ దాచలేదు.

"సియాన్ మన్ కహిన్ మేడమ్, త బంద్ కర్ దేఁవ్."

పెద్దవాళ్ళు చెప్పారు, ఆపేశాను అన్నాడు. పండగ కమిటీ తరఫున సింహాచలం గారు వెళ్ళి అడిగారు. పానకం రోజుకు నీళ్ళు వాసన లేకుండా ఉండాలి, అంతే. దుఖూరామ్ వర్మ సాహెబ్‌ను అడిగితే "అరే, దో దిన్ కీ తో బాత్ హై" అన్నారు. రెండు రోజుల ముచ్చటే కదా అని. పానకం అద్భుతంగా కుదిరింది. ఆ తర్వాత మందు మళ్ళీ మొదలుపెట్టబోతే ఆడవాళ్ళే పంపుహౌసు దగ్గరికి వెళ్ళి, ఇన్నాళ్ళకి నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి, ఇంకొన్నాళ్ళు వద్దని బతిమాలారు. నీళ్ళ గురించి కాలనీలో ఒక్క ఫిర్యాదు కూడా లేని రోజులు అవి.

నేను అక్కడే నిలబడి మందు వేయించాను. తర్వాత లైను పొడవునా కాలువ గట్టు మీద నడిచాను. మా కాలనీలో నీళ్ళ పైపు మురుగు కాలువ లోంచే పోతుంది. రాయపూర్ బస్తీల్లో ఇప్పటికీ చాలాచోట్ల అంతే, మీరూ చూసే ఉంటారు. ఒకచోట పైపు అతుకు మీద ఎవరో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించారు. ట్యూబు కుళ్ళిపోయింది. దాని చుట్టూ మురుగు నిలిచి ఉంది.

నీళ్ళు వచ్చే వేళ ఆ అతుకు లోంచి మంచినీళ్ళు బయటికి పోతాయి. ఎండాకాలం ధార సన్నబడితే ప్రతి ఇంట్లోనూ టుల్లూ పంపు ఆన్ చేస్తారు. గుప్పెడంత మోటారు, తిన్నగా కుళాయి పైపుకే బిగిస్తారు. పైపులో నీళ్ళు తక్కువైనప్పుడు ఆ మోటార్లు దొరికినదల్లా పీలుస్తాయి, అతుకు దగ్గర మురుగుతో సహా. ఇదంతా ఎన్నాళ్ళ నుంచో జరుగుతూనే ఉండాలి. మందు ఉన్నంతకాలం ఆ పాపం బయటపడలేదు. మందు ఆగిన రోజుల్లో దాన్ని ఆపేది ఏదీ లేదు.

ఇంటింటికీ తిరిగి నీళ్ళు కాచి తాగమన్నాను. ఎండాకాలంలో రాయపూర్‌లో ఆ మాట చెప్పి చూడండి. "గ్యాసు మీరిస్తారా మేడమ్?" అని ఒకావిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇంకొకాయన "అందరం బానే ఉన్నాం కదండీ, పండగై ఇన్ని రోజులైంది" అన్నాడు. సింహాచలం గారి గుమ్మంలోనూ చెప్పాను. ఆయన తల ఊపారు.

ఎదురుచూపు

ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైనది ఏమిటంటే ఈ ఎదురుచూపే అంటాను. మురుగు నీళ్ళతో వచ్చే కామెర్లు తాగిన రోజున రావు. వారాలు పడుతుంది. ఒంట్లోకి వెళ్ళిపోయినదాన్ని మందు కలిపి వెనక్కి తీయలేం. ఆ వారాలన్నీ మనుషులు నవ్వుతూ తిరుగుతుంటారు. మనకు మాత్రం ప్రతి మొహంలో కళ్ళే కనిపిస్తాయి, తెల్లగా ఉన్నాయా లేదా అని. పాలవాడితో మాట్లాడుతున్నా కళ్ళే చూసేదాన్ని. ఇంట్లో మా ఆయన "నీకేమైనా పిచ్చా" అని విసుక్కున్నారు. పిచ్చి కాదు, భయం. ఆ కామెర్లు మామూలు మనిషిని నీరసపెట్టి వదిలేస్తాయి, నెలలు నిండుతున్న ఆడపిల్లను మాత్రం వదలవని నేను చదువుకున్నాను. లైను చివర గౌరి ఉంది.

నౌతపా మొదలైంది. రోహిణి కార్తె ఎండల్ని ఇక్కడ అలా అంటారు. ముందు కొందరు పిల్లలకు వాంతులు. తర్వాత పెద్దవాళ్ళకు పచ్చటి మూత్రం. కాలనీ డిస్పెన్సరీలో బెంచీలు చాలలేదు. అప్పుడు సింహాచలం గారి భార్య రమణమ్మ గారు నాకు కబురు పెట్టారు. వెళ్ళేసరికి గౌరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వబోయింది. కళ్ళు పసుపు ముద్దలా ఉన్నాయి.

"పెద్దాసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు?" అన్నాను.

"నిన్న భన్‌పురిలో కామెర్లు దించే బాబా కాడికి తీసుకెల్లినాం అమ్మా. దీని ఒల్లు నిమిరి సున్నం నీల్లలో ఆడి సేతులు కడిగితే గిన్నె నిండా పసుపు దిగిపోనాది. ఇంకో రెండుమాట్లు ఎల్తే పోతాదన్నాడు" అన్నారు రమణమ్మ గారు.

ఆ పసుపు ఎలా వస్తుందో నాకు తెలుసు. చేతులకు చెట్టు బెరడు రసం పూసుకుని సున్నపు నీళ్ళలో ముంచితే అలాగే వస్తుంది. నేనూ చుక్కలు వేసి పసుపు తెప్పించేదాన్నే కదా. అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. ఆటో పిలిపించి ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. నిన్ననే వచ్చి ఉంటే అని డాక్టరును పక్కకు తీసుకెళ్ళి అడిగాను. "ఒక రోజుతో పెద్ద తేడా ఉండేది కాదు" అందావిడ. ఆ బాబా మాట మళ్ళీ ఎత్తి దీన్ని రమణమ్మ గారికి చెప్పడానికి నాకు ధైర్యం చాలా కాలం తర్వాత వచ్చింది. ముందే చెప్పి ఉండాల్సింది.

బిడ్డ కడుపులోనే పోయింది. గౌరికి తెలివి తప్పింది. అల్లుడు విజయనగరం నుంచి వచ్చేసరికి అది ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేదు. మర్నాడు పోయింది.

కాలనీలో కామెర్లు వచ్చిన మిగతావాళ్ళందరూ కోలుకున్నారు.

మీటింగు

జనం గోల చేయడంతో కంపెనీ కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టింది. ముందు రోజు వర్మ సాహెబ్ నన్ను పిలిచి హిందీలో చాలా మెత్తగా చెప్పారు, పండగ కమిటీ మందు ఆపించడం వల్లే ఇది జరిగిందని చెప్పండి, అది నిజమే కదా అని. నిజమే. నిజంలో ముక్కను విరిచి చేతిలో పెట్టేవాళ్ళతో మీకూ పని పడుతుంది. అబద్ధం చెప్పమనేవాళ్ళను తట్టుకోవడం తేలిక, వీళ్ళను తట్టుకోవడమే కష్టం.

నేను మీటింగులో వరసగా చెప్పాను. మొదటి తప్పు పైపుది, మురుగులోంచి వేసింది కంపెనీ, బాగుచేయనిదీ కంపెనీ. రెండోది మోటార్లు. మందు ఆపడం మూడోది. పైపు మార్చాలి, మోటార్లు తీసేయాలి, మందు ఎవరు అడిగినా ఆపకూడదు అన్నాను. పైపు దగ్గర జనం చప్పట్లు కొట్టారు. మోటార్ల దగ్గర గొణుగుడు మొదలైంది. వెనక నుంచి ఎవరో లేచారు.

"మోటారు లేకపోతే మాకు నీళ్ళు ఎక్కడివి మేడమ్? ఇన్నేళ్ళూ మోటార్లు ఉన్నాయి, ఎవరికైనా ఏమైనా అయిందా? ఆ పానకం తాగాకే కదా అయింది?"

"ఔను, పానకం తాగాకే" అని ఇంకో గొంతు. ఆ తర్వాత హాలంతా అదే మాట. ఏటా ఎండలో నిలబడి గ్లాసు చాచినవాళ్ళే. వర్మ సాహెబ్ కల్పించుకోలేదు, ఆయనకు ఆ అవసరమూ రాలేదు. సింహాచలం గారు గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కనీసం తల కూడా వంచుకోలేదు. నేను మైకులో మళ్ళీ పైపు, మోటార్లు అంటూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. నిజం మొత్తం చెబితే చాలు, న్యాయం దానంతట అదే జరుగుతుందనుకునేదాన్ని. అందులోంచి తమకు పనికొచ్చే ముక్క తీసుకుని మిగతాది హాల్లోనే వదిలేసి వెళ్తారని ఆ రోజు తెలిసింది. నాకు ఆ కాలనీ మీద ప్రేమ సగం చచ్చిపోయింది.

కంపెనీ అతుకు మార్చింది, పైపు మార్చలేదు. మోటార్లు ఒక్క ఇంట్లోనూ తీయలేదు.

ఒక్క ఇంట్లో తీశారు. వానలు పడ్డాక సీసా పట్టుకుని లైను చివరికి వెళ్ళాను. నీళ్ళు వచ్చే వేళే. కుళాయి తిప్పితే గాలి బుసకొట్టింది తప్ప చుక్క రాలేదు. గోడ మీద మోటారు బిగించిన చోట మేకులు మాత్రం ఉన్నాయి. ముందిళ్ళలో మోటార్లు రొద చేస్తున్నాయి. సింహాచలం గారు రెండు వీధుల అవతల బోరింగు నుంచి బకెట్టు మోసుకుని వస్తున్నారు. మనిషి సగమైపోయారు.

నాకు కోపం ఆగలేదు. "మీరొక్కరే తీసేస్తే ఏం లాభం బాబాయ్? అందరి చేతా తీయించాలి. నేను పై వాళ్ళకి రాస్తాను, కలెక్టరు దగ్గరికి వెళ్తాను. తప్పు మీ ఒక్కరిదే అన్నట్టు అందరూ చేతులు దులుపుకుంటుంటే మీరు ఊరుకుంటారేం? ఆ పైపు, ఆ మోటార్లు, ఇన్నీ ఉన్నాయి. పానకం ఒక్కటే కాదు."

ఆయన బకెట్టు దించి, అరుగు మీద కూర్చున్నారు.

"నువ్వు సదువుకున్నదానివి తల్లీ. నువ్వు సెప్పింది మిగతావోల్లకి నిజమే అవుతాది. కలెక్టరు కాడికి ఎల్లు, మోటార్లు తీయించు, నాను కూడా వొస్తాను. మా గౌరి సంగతి ఏరు."

"వేరెలా అవుతుంది బాబాయ్? అదీ ఈ కుళాయి నీళ్ళే కదా తాగింది."

"లేదమ్మా." ఆయన నా వైపు చూడకుండా, కుళాయి వైపు చూస్తూ చెప్పారు. "అత్తోరి ఊల్లో డాక్టరమ్మ సెప్పినాదని గుంట వొచ్చిన కాడ నుంచీ మీ పిన్ని మరగబెట్టి సల్లార్చిన నీల్లే ఇచ్చినాది. మొకం కడుక్కోడానిక్కూడా అయ్యే. ఈ ఇంట్లో అది పచ్చినీల్లు ఒక్క సుక్క నోట్లో ఎయ్యలేదు. పండగ రోజున మాత్రం గుడి కాడికి వొచ్చి నా ఎదురుగా నిలబడ్డాది. గ్లాసు ఇచ్చినాను. తాగి, ఎంత బాగుంది నాన్నా, ఇంకోటి పొయ్యి అన్నాది. నానే పోసినాను."